ఆరో సూన

గృహస్థు ఇంట్లో అయిదు చోట్ల హింస జరుగుతుందని స్మృతికారులు గుర్తించారు. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలూ రోకలీ, నీళ్ళకుండ. మనుస్మృతి మూడో అధ్యాయం వీటిని పంచసూనలంది. సూన అంటే ప్రాణిని వధించే చోటు. పొయ్యి వెలిగించేవాళ్ళు చీమలను కాల్చాలని వెలిగించరు. ఊడ్చేవాళ్ళు పురుగులను చంపాలని చీపురు పట్టరు. అయినా ఆ పనుల్లో ప్రాణాలు పోతాయి. అనుకోకుండా జరిగింది కాబట్టి లెక్కలోకి రాదని శాస్త్రం సర్దిచెప్పలేదు. అలాగని పొయ్యి ఆర్పేసి అడవికి పొమ్మనీ అనలేదు. ఇల్లు నడవక తప్పదు, నడిస్తే హింస తప్పదు, కనుక రోజూ అయిదు యజ్ఞాలు చేసి ఆ బాకీ తీర్చుకొమ్మంది. బ్రహ్మయజ్ఞం, పితృయజ్ఞం, దేవయజ్ఞం, భూతయజ్ఞం, అతిథిని ఆదరించే మనుష్యయజ్ఞం అలా గృహస్థు నిత్యకర్మలయ్యాయి. ఆ గ్రంథంలో మనిషిని మనిషికి దూరం చేసిన మాటలు చాలా ఉన్నాయి, వాటిని ఒప్పుకోనక్కర్లేదు. కానీ ఇంటి పనిముట్టు మనకు తెలియకుండా చేసే హానికి ఇంటివాళ్ళే జవాబుదారులన్న ఈ ఒక్క ఆలోచన ఈనాటికీ నిలబడుతుంది. సన్నికల్లూ రోలూ మూలన పడ్డాయి. వాటి చోటికి వచ్చిన వస్తువుల్లో రాత్రీ పగలూ పనిచేసేది ఫ్రిజ్. దానివల్ల మనకు బాకీ ఉందా, ఉంటే ఎప్పటికి తీరుతుంది అన్నది ఇక్కడి ప్రశ్న. బాకీ ఉంది, అది వస్తువు గడప దాటిన రోజున కాదు, ఎవరికీ హాని చేయలేని స్థితికి చేరిన రోజునే తీరుతుంది అన్నది నా వాదం.

ఫ్రిజ్‌లో హింస ఎక్కడుందని అడగవచ్చు. దాని చరిత్రే సమాధానం చెబుతుంది. తొలినాటి ఫ్రిజ్‌లలో చల్లదనానికి అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవారు. గొట్టం కారితే నిద్రలో ఉన్న కుటుంబాలు చనిపోయేవి. అలాంటి చావుల గురించి చదివి కలత చెందిన ఐన్‌స్టీన్, లియో సిలార్డ్‌తో కలిసి కదిలే భాగాలు లేని ఫ్రిజ్‌కు రూపకల్పన చేశాడు. దానికి 1930లో అమెరికా పేటెంటు వచ్చింది కానీ ఇళ్ళలోకి చేరలేదు. ఇళ్ళలోకి చేరింది మరో పరిష్కారం. 1928లో థామస్ మిడ్‌గ్లీ బృందం క్లోరోఫ్లోరోకార్బన్‌ను ముందుకు తెచ్చింది. అది మండదు, పీల్చినవారికి విషం కాదు. ఇంట్లోవాళ్ళ వరకు చూస్తే అంతకన్నా సాధువైన వాయువు లేదు. ఆ సాధువైన వాయువే పైకి చేరి ఓజోన్ పొరను తినేస్తుందని 1974లో మొలీనా, రోలండ్ చెప్పారు. అంటార్కిటికా మీద ఓజోన్ ఎంత పలచబడిందో 1985లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు లోకానికి చూపించారు. తర్వాత వచ్చిన హెచ్ఎఫ్‌సీ-134ఎ అనే వాయువు ఓజోన్‌ను ముట్టుకోదు, కానీ వందేళ్ళ లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,400 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. ఒక ఫ్రిజ్‌లోని 150 గ్రాములు గాలిలో కలిస్తే 200 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. ఇప్పటి కొత్త ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండే ఐసోబ్యుటేన్‌తో ఆ బాధ దాదాపు లేదు, కానీ అది వంటగ్యాస్‌లా మండుతుంది. ఒక్కొక్క పరిష్కారం హానిని ఒక చోటు నుంచి మరో చోటికి జరిపింది. గదిలో నుంచి ఆకాశానికి, ఆకాశం నుంచి వాతావరణానికి, అక్కడి నుంచి గొట్టం కోసే మనిషి చేతుల్లోకి. హానిని సున్నా చేసే పనిముట్టు ఇంతవరకు దొరకలేదు. పనిముట్టును జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండడమే మనకు మిగిలిన దారి.

దీనికి మొదటి అభ్యంతరం ధర్మం వైపు నుంచే వస్తుంది. చంపాలన్న ఉద్దేశం లేనప్పుడు పాపమెలా అవుతుంది? జైనులకూ బౌద్ధులకూ మధ్య ఇది చాలా పాత వాదం. బౌద్ధుల మజ్ఝిమ నికాయంలోని ఉపాలి సుత్తంలో నిర్గ్రంథులు, అంటే జైనులు, శరీరంతో చేసిన కర్మే బరువైనదంటారు, బుద్ధుడు మనసుతో చేసిన కర్మే బరువైనదంటాడు. నిర్గ్రంథుల వైపు నిలబడితే ప్రశ్నే లేదు. జైన మునులు పాటించే అయిదు సమితుల్లో చివరిది ఉత్సర్గ సమితి. పారవేసేముందు నేలను పరిశీలించి, ఏ ప్రాణికీ హాని కలగని చోటు చూసి పారవేయాలన్న నియమం అది. పారవేయడాన్ని ఒక వ్రతంగా నిలిపిన ఆ దృష్టి చాలా గొప్పది. బుద్ధుడి వైపు నిలబడినా మనకు విడుదల లేదు. తెలియనంతకాలం చేసింది అజ్ఞానం. తెలిశాక కూడా అలాగే చేస్తే అది నిర్లక్ష్యం, నిర్లక్ష్యం మనసు చేసే కర్మే. యూదుల ధర్మశాస్త్రం దీన్ని మరింత సూటిగా చెప్పింది. గొయ్యి తవ్వి మూయకుండా వదిలేసినవాడు, అందులో పొరుగువాడి ఎద్దు పడి చస్తే నష్టం కట్టుకోవాలని నిర్గమకాండం శాసిస్తుంది. కొత్త ఇల్లు కట్టేవాళ్ళు మిద్దెకు పిట్టగోడ కట్టాలని ద్వితీయోపదేశకాండం చెబుతుంది. అక్కడ ఎవరూ ఎవరినీ చంపాలనుకోలేదు. అయినా ప్రమాదాన్ని తయారుచేసినవాళ్ళే దాన్ని మూయాలి. దారిలో హాని చేసే వస్తువును తీసి పక్కన పెట్టడం విశ్వాసంలో ఒక శాఖ అని ముహమ్మద్ ప్రవక్త బోధించారు. ఇన్ని దారులు ఒకే చోట కలుస్తున్నాయంటే, ఉద్దేశం లేదన్న మాట తెలిసినవాళ్ళ నోట చెల్లదని అర్థం.

రెండో అభ్యంతరం ఫ్రిజ్‌లో పెట్టే అన్నం గురించి. నిలవ చేయడమే లోభమని, నిలవ తిండి తామసమని కొందరి నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారాలు లేకపోలేదు. భగవద్గీత పదిహేడో అధ్యాయం చల్లారి సారం పోయినదాన్ని, పాచిపోయినదాన్ని, ఎంగిలిని తామసులకు ఇష్టమైన ఆహారంగా లెక్కించింది. కడుపు నింపేంత మాత్రమే మనిషి సొత్తు, అంతకు మించి తనదనుకునేవాడు దొంగ అని భాగవతం సప్తమ స్కంధంలో నారదుడు ధర్మరాజుకు చెబుతాడు. దేవుడు కురిపించిన మన్నా అనే తిండిని ఇశ్రాయేలీయులు రేపటికని దాచుకుంటే తెల్లారేసరికి పురుగుపట్టింది. బౌద్ధ భిక్షువులకు తిండి నిలవ చేసుకోవడం నిషేధం. వైశాలిలో జరిగిన రెండో సంగీతిలో, అంటే భిక్షువుల మహాసభలో, కొమ్ములో ఉప్పు దాచుకోవచ్చా అన్నది కూడా పెద్ద వివాదమైంది. కానీ ఇదే కథలను చివరిదాకా చదవాలి. విశ్రాంతిదినానికి ముందురోజు రెండింతలు కూర్చుకున్న మన్నా పాడవలేదు. జబ్బుపడ్డ భిక్షువు కోసం నెయ్యి, తేనె, నూనె, బెల్లం ఏడు రోజులు దాచుకోవచ్చని భిక్షువుల నియమావళి అయిన వినయ పిటకం ఒప్పుకుంది. కాబట్టి అడగవలసింది ఎందుకోసం దాచారని. తెలుగువాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. ఆవకాయ జాడీ, వడియాల డబ్బా, రాత్రి మజ్జిగ పోసి ఉంచిన చద్దన్నం నిలవ చేసే విద్యకు గుర్తులే. అన్నాన్ని నిందించవద్దని, వదిలేయవద్దని, సమృద్ధిగా పండించమని తైత్తిరీయోపనిషత్తు వ్రతంగా చెప్పింది. ఆ వ్రతాన్ని నిలబెట్టే పనిముట్టుగా వాడితే ఫ్రిజ్ ధర్మసాధనమే. చక్కెరవ్యాధి ఉన్నవారి ఇన్సులిన్, పసిపిల్లల టీకాలు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య నిలిచేది ఇలాంటి చల్లదనం వల్లే.

అయితే ఆ పనిముట్టు వ్రతాన్ని నిలబెడుతోందా, వ్రతభంగాన్ని దాచిపెడుతోందా అన్నది చూసుకోవాలి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో దాదాపు అరవై శాతం ఇళ్ళలోనే. మనదేశంలో ఒక్కొక్కరి లెక్కన ఇంట్లో ఏడాదికి 55 కిలోలని అదే నివేదిక అంచనా. డబ్బుకు దానం, భోగం, నాశం అని మూడే గతులని భర్తృహరి అన్నాడు. ఇవ్వనివాడి, తిననివాడి ధనానికి మూడో గతే. ఫ్రిజ్‌లోని గిన్నెకూ అంతే. మిగిలిన కూరను అప్పుడే పారేయడానికి చేయి రాదు, అప్పుడే మరొకరికి ఇవ్వడానికి మనసు రాదు. లోపల పెట్టి తలుపు వేస్తే రెండు బాధలూ తప్పుతాయి. నాలుగు రోజుల తర్వాత అది ఎవరికీ పెట్టలేని స్థితికి వస్తుంది, అప్పుడు నిశ్చింతగా పారేస్తాం. ఇవ్వగలిగిన రోజున ఇవ్వకుండా, ఇవ్వలేని రోజుదాకా ఉంచడమే ఇక్కడి తప్పు. గోదావరి లంకల్లో ఏ వేళప్పుడు వచ్చినవారికైనా వండి వడ్డించిన డొక్కా సీతమ్మ గారికి ఫ్రిజ్ లేదు. ఉండి ఉంటే అది వచ్చేవారి కోసం ఉండేదని చెప్పడానికి ఆవిడ జీవితమే సాక్ష్యం. తామసం గిన్నెలోని అన్నానిది కాదు, దాన్ని మరచిపోయిన మనసుది. ఆ పేరు పెట్టి తినదగిన అన్నాన్ని పారేయడం గీతకు చేసే సేవ కాదు.

వాడడం తర్వాత శుభ్రం. పతంజలి చెప్పిన నియమాల్లో మొదటిది శౌచం. చల్లగా ఉంది కాబట్టి శుభ్రంగా ఉంటుందన్నది చాలా ఇళ్ళలో ఉన్న భ్రమ. చల్లదనం సూక్ష్మజీవులను చంపదు, వాటి పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది, అంతే. లిస్టీరియా అనే బాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరుగుతుంది. గర్భిణులకు, వృద్ధులకు అది ప్రాణాంతకం కావచ్చు. అందుకే లోపలి వేడి నాలుగు డిగ్రీలు దాటకూడదు. వండింది రెండు గంటల్లోపు, మన వేసవిలోనైతే ఇంకా ముందే, మూతపెట్టి లోపలికి చేర్చాలి. పచ్చి మాంసం, చేపలు అడుగు అరలో ఉండాలి, వాటి నీరు వండిన అన్నం మీద పడకూడదు. వండినది మూడు నాలుగు రోజులు దాటి ఉంచకూడదు. శుభ్రం చేసేటప్పుడు ముందు ప్లగ్ తీయాలి. గోరువెచ్చని నీళ్ళలో కాస్త వంటసోడా కలిపి తుడిస్తే చాలు. తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతల్లో బూజు పడుతుంది, వెనక నీళ్ళు చేరే పళ్ళెంలో పాచి పడుతుంది; ఇవి కంటికి కనిపించవు కనుక ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. వెనక గొట్టాల మీద దుమ్ము పేరుకుంటే కంప్రెసర్ ఎక్కువసేపు నడిచి కరెంటు తింటుంది. గడ్డకట్టిన మంచును కత్తితో గీకితే లోపలి గొట్టం చిల్లుపడి వాయువు బయటికి వస్తుంది. మండే వాయువైతే నిప్పురవ్వ చాలు. ఇవన్నీ చిన్న జాగ్రత్తలే. కానీ పూజగది కడిగిన చేయి ఫ్రిజ్ కడగకపోతే ఆ శౌచం సగమే. పూజగదిలో దేవుడికి చూపించేదాన్ని ఫ్రిజ్‌లో నుంచే తీస్తాం, ఇంట్లో అందరి ప్రాణమూ అక్కడి అరల్లోనే ఉంది. ఈ పని ఇంటి ఆడవాళ్ళదో, పనిమనిషిదో అని మిగిలినవాళ్ళు తప్పుకోవడం కూడా సరికాదు. తినే చేతులన్నిటికీ కడిగే బాధ్యత ఉంది.

శౌచానికి మన సమాజంలో మరో చరిత్ర ఉంది, దాన్ని దాటి ఈ వాదం ముందుకు పోదు. ఇల్లు అద్దంలా ఉంచుకుని, చెత్తను గడప అవతల పడేసి, దాన్ని ఎత్తే మనిషిని అంటరానివాడన్నాం. శుభ్రపడింది మన వాకిలి, మైల అంటింది ఎదుటి మనిషికి. పాత ఫ్రిజ్ విషయంలో సరిగ్గా అదే జరుగుతోంది. పనికిరాని ఫ్రిజ్‌ను తుక్కు కొనేవాళ్ళకు అమ్మేస్తే ఇంటికి చోటు, చేతికి నాలుగు వందల రూపాయలు వస్తాయి. అక్కడి నుంచి ఆ వస్తువు ఊరి చివరి తుక్కు దుకాణానికి చేరుతుంది. రాగి గొట్టం కోసేసరికి లోపలి వాయువంతా గాలిలో కలుస్తుంది. కంప్రెసర్ పగలగొడితే అందులోని నూనె నేలలోకి ఇంకుతుంది. గోడల మధ్య చల్లదనాన్ని నిలిపే నురగలో కూడా పాత ఫ్రిజ్‌లైతే ఓజోన్‌ను తినే వాయువులే ఉంటాయి; దాన్ని కాలిస్తే విషపు పొగ. ఆ పొగ పీల్చేది చేతికి తొడుగు కూడా లేని కూలీ, పక్క గుడిసెలోని పిల్లలు. పెరట్లోనో ఖాళీ స్థలంలోనో వదిలేసిన ఫ్రిజ్ ఇంకా ఘోరం. దాగుడుమూతల్లో పిల్లలు లోపల దూరితే, గాలి ఆడక నిమిషాల్లో ప్రాణం పోతుంది. అమెరికాలో ఇలా పిల్లలు చనిపోయాకే 1956లో, తలుపు లోపలి నుంచి తెరుచుకునేలా ఉండాలని ప్రత్యేక చట్టం చేశారు. అయస్కాంతపు రబ్బరు తలుపులు వచ్చినా ప్రమాదం పూర్తిగా పోలేదు. మూయని గొయ్యి అంటే ఇదే.

ఇక్కడ మూడు అభ్యంతరాలు ఒకేసారి వస్తాయి. మొదటిది, ఇది ప్రభుత్వం పని, కంపెనీల పని. నిజమే, చట్టం కూడా అదే చెప్పింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల్లో ఫ్రిజ్ ఉంది. తయారీదారులే రిజిస్టరైన రీసైక్లర్ల ద్వారా నిర్ణీత పరిమాణంలో పాత వస్తువులను శుద్ధి చేయించాలి. కానీ ఆ ఏర్పాటు దాకా వస్తువును చేర్చే మొదటి అడుగు మన గుమ్మం దగ్గరే పడాలి. ఎక్కువ ధర ఇచ్చినవాళ్ళకు మనం అమ్మేస్తే ఏ నియమమూ ఆ ఫ్రిజ్‌ను పట్టుకోలేదు. రెండోది, తుక్కు కొనే పేదవాడి పొట్ట కొట్టినట్టు కాదా? అతని బతుకు మీద నిజంగా దయ ఉంటే అతన్ని సేకరణలో భాగం చేయాలని అడగాలి, రక్షణ, శిక్షణ ఇవ్వాలని అడగాలి. విషాన్ని అతని చేతిలో పెట్టి ఉపాధి ఇచ్చామనుకోవడం దయ కాదు. మనకు దక్కిన ఆ నాలుగు వందలు అతని ఊపిరితిత్తుల నుంచి తీసుకున్నవి. దేవతలు ఇచ్చినదాన్ని తిరిగి వారికి ఇవ్వకుండా అనుభవించేవాడినే గీత మూడో అధ్యాయం దొంగ అంది. మూడోది, కర్మాగారాలు, విమానాలు ఇంత చేస్తుంటే నా ఇంటి 150 గ్రాములెంత? ఓజోన్ పొర పలచబడింది ఏ ఒక్క రాక్షస కార్యం వల్లా కాదు. కోట్ల ఇళ్ళలోని ఫ్రిజ్‌లు, స్ప్రే డబ్బాలు, ఏసీలు కలిసి దాన్ని తిన్నాయి. చిన్నవి కలిస్తే ఆకాశం చిల్లుపడుతుందని తెలిసిన తరం మనది. నాది చిన్నదన్న మాట అనే హక్కు మనకే అందరికన్నా తక్కువ.

అదే చరిత్ర ధైర్యం కూడా ఇస్తుంది. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్‌లో ఓజోన్ పొరను కాపాడే ఒప్పందం కుదిరింది. తర్వాత ప్రపంచ దేశాలన్నీ అందులో చేరాయి. భారతదేశం 1992లో చేరి, 2008లో క్లోరోఫ్లోరోకార్బన్ల తయారీ మానేసింది. హెచ్ఎఫ్‌సీలను తగ్గించే కిగాలి సవరణను 2021లో ఆమోదించింది. ఓజోన్ పొర ప్రపంచంలో ఎక్కువ భాగం మీద 2040 ప్రాంతానికి, అంటార్కిటికా మీద 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి వస్తుందని ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల అంచనా. తెలియక చేసిన హానిని తెలిశాక మనుషులు కలిసి దిద్దుకోగలరని ఇంత స్పష్టంగా రుజువైన సందర్భాలు తక్కువ. ఆ దిద్దుబాటులో ప్రభుత్వాల వంతు సంతకాలు, శాస్త్రవేత్తల వంతు పరిశోధన. పాత వస్తువును సరైన చేతికి అందించడం ఇంటివాళ్ళ వంతు.

వస్తువును చివరిదాకా కనిపెట్టుకుని ఉండడం ఎలా ఉంటుందో వినయ పిటకంలోని ఒక కథ చెబుతుంది. అంతఃపుర స్త్రీలు బుద్ధుడి శిష్యుడు ఆనందుడికి అయిదు వందల వస్త్రాలు ఇచ్చారు. ఇన్ని ఏం చేస్తారని కౌశాంబి రాజు ఉదయనుడు అడిగాడు. బట్టలు చిరిగిన భిక్షువులకు పంచుతామన్నాడు ఆనందుడు. పాతవాటినేం చేస్తారంటే పరుపుల మీద దుప్పట్లన్నాడు. అవి పాతబడితే నేల మీద పరుస్తామని, ఆ తర్వాత కాళ్ళు తుడుచుకుంటామని, దుమ్ము తుడుస్తామని, చివరికి చించి మట్టిలో కలిపి నేల అలుకుతామని చెప్పాడు. రాజుకు సందేహం తీరి మరో అయిదు వందలు ఇచ్చాడు. అపరిగ్రహమంటే ఏమీ లేకపోవడమని మనం అనుకుంటాం. ఉన్నదాని చివరి గతి కూడా చెప్పగలగడమే దాని నిండు రూపమని ఈ కథ అంటోంది. నూలు బట్ట మట్టిలో కలుస్తుంది. రాగి, నూనె, నురగ, వాయువు అలా కలవవు. అందుకే వాటి విషయంలో జవాబు మరింత ముందుగా సిద్ధంగా ఉండాలి.

కాబట్టి పాత యజ్ఞాలను ఈ పనిముట్టు దగ్గర కూడా చేయవచ్చు. మిగిలింది పాడుకాకముందే మరొకరికి పెడితే అది మనుష్యయజ్ఞం. వాయువు గాలిలో కలవకుండా, నూనె నేలలో ఇంకకుండా చూస్తే అది భూతయజ్ఞం. పెద్దల నుంచి అందుకున్న ఆకాశాన్ని చిల్లు పడకుండా పిల్లలకు అప్పగిస్తే అది పితృయజ్ఞం. మీ ఇంట్లో ఫ్రిజ్ మార్చే రోజు వచ్చినప్పుడు ఎక్స్‌ఛేంజ్‌లో ఎంత తగ్గిస్తారని అడిగేముందు, పాతది ఏ రీసైక్లర్‌కు వెళుతుందో అడగండి, కాగితం మీద రాసిమ్మనండి. సరైన చోటు దొరికేదాకా ఇంట్లో ఉంచవలసి వస్తే తలుపులు ఊడదీయించి ఉంచండి. గొట్టం మాత్రం ఎవరినీ కోయనివ్వకండి. నాలుగు వందలు తక్కువ వస్తే రానివ్వండి. ఆ డబ్బు మనది కాదు.